తప్పు పాళీదే

ఆఫీసులో అందరూ ఆయన్ని ముత్యాలాయన అనేవారు. ఆయన ఒంటి మీద గాని, ఇంట్లో గాని ఒక్క ముత్యమూ లేదు. ఉన్నవన్నీ ఆయన రాతలోనే. విశ్వవిద్యాలయం వాళ్ళ పట్టా కాగితం మీద మిగతాదంతా అచ్చులో ఉన్నా, పేరు పట్టేంత చోటు మాత్రం ఖాళీగా వదిలేవారు. ఆ ఖాళీలో పిల్లల పేర్లు సిరా పెన్నుతో రాయడం ఆయన ఉద్యోగం. పెళ్ళి కాకముందు నుంచీ అదే పని. ఊళ్ళో ఏ డాక్టరు గదిలోకి వెళ్ళినా, ఏ వకీలు గదిలోకి వెళ్ళినా గోడ మీద అద్దం వెనక ఆయన చేతిరాత కనిపించేది. జ్వరంతో వెళ్ళినవాడు కుర్చీలో కూర్చోవచ్చు కదా, అబ్బే, ముందు గోడ దగ్గరికి వెళ్ళి నిలబడి, "ఇది వానాకాలంలో రాసింది, కాగితం కాస్త సిరా పీల్చింది" అనేవాడు. పక్కనున్న భార్య సిగ్గుతో చచ్చిపోయేది.

ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. కొలత ప్రకారం అద్దాన్ని అరగదీసి, ఫ్రేములో బిగించి, భూతద్దం కింద పెట్టి గీతలున్నాయేమో చూడటం ఆవిడ పని. దుకాణం తెరిచిన నాటి నుంచి ఆవిడ చేతిలోంచి ఒక్క అద్దం కింద పడలేదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి యజమాని మొదటిరోజే ఈ సంగతి చెప్పేవాడు, పాపం వాళ్ళు రెండోరోజు నుంచి ఆవిణ్ణి చూసి కుళ్ళుకునేవారు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఇంట్లో బుజ్జి అంటారు గాని అసలు పేరు వేరే ఉంది, అది పెట్టింది ఆయనే. అర్థం చూసుకుని పెట్టలేదు, చనిపోయిన పెద్దల్ని తలుచుకుని పెట్టలేదు, రాస్తే అందంగా ఉంటుందని పెట్టాడు. మొదటి అక్షరానికి నిండైన వంపు, చివరి అక్షరానికి పొడుగాటి తోక. పురిటి మంచం పక్కన కూర్చుని వేలితో గాలిలో ఆ పేరు రాసి చూపించి, "దీన్ని పట్టా మీద రాస్తాను, అప్పుడు చూద్దువుగాని" అన్నాడు. పిల్ల ఇంకా కళ్ళు కూడా సరిగ్గా తెరవలేదు, ఆయన పట్టా దాకా వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆవిడ నవ్వింది. తర్వాత ఏళ్ళ తరబడి ఆ మాట ఇంట్లో మనిషిలా తిరిగింది. బుజ్జి లెక్కల్లో తప్పినప్పుడు కూడా ఆయన తిట్టలేదు గాని, "నేను రాయాలి కదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటకి అది ముక్కు చీదుకుంటూ పుస్తకం తీసింది.

ఆ బుజ్జి ఈ ఏడాది డిగ్రీ గట్టెక్కింది. సరిగ్గా ఈ ఏడాదే ఆయన రాతలో వణుకు వచ్చింది.

మొదట్లో ఎవరికీ తెలిసేది కాదు. అక్షరం తోక చివర సన్నగా, వెంట్రుకంత మెలిక. సాయంత్రాలు ఇంట్లో సాధన కాగితాల మీద రాస్తూ ఆయనే చూశాడు, ఆయన వెనక నిలబడి ఆవిడా చూసింది.

"ఈ సిరా నీళ్ళలా ఉంది. ఏం కంపెనీయో ఏం పాడో!" అన్నాడు.

మర్నాడే ఆవిడ వేరే సిరా తెచ్చింది. అప్పుడు బల్ల ఊగుతోందన్నాడు. వడ్రంగిని పిలిపించి బల్ల కాళ్ళు సరిచేయించింది. వెలుతురు ఎడమ పక్క నుంచి పడటం లేదన్నాడు. దీపం మార్పించింది. కుర్చీ ఎత్తు కుదరలేదంటే దిండు కుట్టింది. ఏ లోపం చెప్పినా సాయంత్రానికల్లా సరిచేసి పెట్టే మనిషి ఆవిడ, అదే ఆవిడ గొప్ప, అదే ఆవిడ కొంప ముంచింది. ఆయన దాక్కోవడానికి చాటుగా ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తన చేతులతోనే పక్కకి తీసేస్తున్నానని ఆ పిచ్చితల్లికి తట్టలేదు.

ఒకసారి ధైర్యం చేసి, "ఓసారి డాక్టరుకి చూపిద్దామా?" అని అడిగింది.

"నా చేతికేమొచ్చిందే? నిక్షేపంలా ఉంది!" అని గయ్యిమన్నాడు. అని టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. "వేడిగా ఉంది" అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

చివరికి మిగిలింది పెన్ను. ఆ పెన్ను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది. సిరా పెన్నుతో బతికేవాళ్ళకి ఒక పట్టింపు ఉంది. పాళీ ఒక చేతికి అలవాటు పడితే ఇంకో చెయ్యి దాన్ని తాకకూడదు, తాకితే చెడిపోతుందంటారు. అందుకని పాలవాడి చీటీ మీద సంతకం పెట్టడానికి కూడా ఆయన భార్యకి ఆ పెన్ను ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు దాన్ని కాగితం మీద పడేసి, "పాళీ అరిగిపోయింది. తప్పంతా పాళీదే. మంచి పెన్ను పడితేనా, చూపించేవాణ్ణి!" అన్నాడు.

ఆ వారంలోనే ఆఫీసులో సూపరింటెండెంటు ఆయన్ని గదిలోకి పిలిచాడు. పేరు చెడిన పట్టా కాగితాన్ని చింపి పారెయ్యడానికి వీల్లేదు, దానిమీద అడ్డగీత కొట్టి, ఎందుకు చెడిందో పైవాళ్ళకి చెప్పుకోవాలి. చెప్పుకోలేక సూపరింటెండెంటుకి తల ప్రాణం తోకకొస్తోంది. "మీరంటే నాకు గౌరవమేనండీ. కాని ఈసారి కూడా కాగితాలు పాడైతే పేర్లు కూడా మెషిన్ మీదే కొట్టించేస్తాం" అన్నాడు. ఈసారి రాయాల్సిన పట్టాల్లో బుజ్జి పట్టా ఉంది.

ఆ మాట ఆయన ఇంటికొచ్చి చెప్పలేదు. ఆయనతో పనిచేసే ఒకావిడ తన కళ్ళజోడు ముక్కు మీద నిలవడం లేదని దుకాణానికి వచ్చి, మాటల్లో చెప్పేసింది. అద్దం బిగిస్తున్న భార్యకి గుండె గుభేలుమంది. అయినా అద్దం జారలేదు.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన విసుగొచ్చి బల్ల సొరుగులో పడేసిన పాత పెన్ను తీసి రుమాల్లో చుట్టుకుని దుకాణానికి పట్టుకెళ్ళింది. అందరూ భోజనాలకి లేచాక భూతద్దం కింద పెట్టి చూసింది. గీతలు వెతకడం ఆవిడకి కొత్త కాదు కదా. పాళీ మొన రెండు రేకులూ సమానంగా ఉన్నాయి. మధ్య చీలిక తలవెంట్రుకలా తిన్నగా ఉంది. మొన మీది గట్టి చుక్క ఒక వాలుకి అరిగి, గులకరాయిలా నున్నగా మెరిసింది. పాళీకి ఏమీ కాలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కాని ఆశ అనేది ఉంది చూశారూ, దానికి కళ్ళుండవు. నాకు తెలిసింది అద్దాల సంగతి, పాళీల సంగతి నాకేం తెలుసు అనుకుంది. తన కోసమని దాచుకున్న డబ్బు తీసుకుని, ఒంటిపూట సెలవు పెట్టి, పెద్ద బజారులో ఖరీదైన పెన్నుల దుకాణానికి వెళ్ళింది.

అలాంటి దుకాణంలో అడుగు పెట్టడం ఆవిడకి అదే మొదలు. నగల కొట్టులో నగలు పెట్టినట్టు మఖమలు మీద పెన్నులు పడుకోబెట్టి ఉన్నాయి. చేతులకి తెల్ల తొడుగులు వేసుకున్న అమ్మాయి ముదురు నీలం పెన్ను ఒకటి తీసి చూపించింది. బంగారు పాళీ. మూత పెడితే చిన్న చప్పుడు, తలుపు మెల్లగా వేసుకున్నట్టు. ధర విని ఆవిడ కళ్ళు తిరిగాయి. "ఇంకోటి చూపించమంటారా?" అని ఆ అమ్మాయి అడిగితే, "వద్దమ్మా, ఇదే ఇవ్వు" అంది, ఎక్కడ మనసు మారుతుందోనని భయం.

ఆ దుకాణంలో పాళీ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. కొన్నవాళ్ళు రాసే తీరుని బట్టి పాళీని సానబట్టి ఇస్తాడు. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద వేలెడంత సానరాళ్ళు, ఆయన నోటి నిండా సొంత గొప్పలు. తను సానబట్టిన పెన్నుతో ఎవరెవరు ఏమేం సంతకాలు పెట్టారో ఏకరువు పెట్టాక గాని ఆవిడ వంక చూడలేదు.

"రాసే మనిషిని తీసుకురాలేదేమమ్మా?"

"ఆయనకి తెలియకుండా కొంటున్నానండీ. ఇదిగో ఆయన పాత పెన్ను. కొత్త పాళీని అచ్చం ఇలాగే చేసివ్వండి."

మేస్త్రీ పాత పెన్నుని కంటిదగ్గర పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, గొప్పలు చెప్పడం మానేశాడు. అది ఆయన జీవితంలో అరుదుగా జరిగే సంగతి అయ్యుండాలి.

"ఎంత తేలిగ్గా పట్టుకున్నాడమ్మా మహానుభావుడు! ఇన్నేళ్ళు రాసినా ఎక్కడా నొక్కలేదు. ఈ పాళీకి ఏ జబ్బూ లేదు, ఇంకో మనిషి జీవితకాలం రాస్తుంది. మరి కొత్తదెందుకు?"

"ఆయనకి కొత్తది కావాలండీ" అంది.

సానబట్టినంతసేపూ ఆవిడ పక్కనే నిలబడింది. రాయి మీద పాళీ గీసుకుంటున్న సన్నటి చప్పుడు వింటూ, దేవుడా, తప్పు పాళీదే కానీ, నా కళ్ళూ ఈ మేస్త్రీ కళ్ళూ రెండూ మోసపోనీ, అని మనసులో అనుకుంటూనే ఉంది.

సెలవురోజు పొద్దున్న బుజ్జి స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. ఆవిడ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన తెరిచి చూసి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు. అన్నాడే గాని ముఖం మతాబాలా వెలిగింది. "ఇది ఎంతుంటుందో తెలుసా నీకు?"

"కొన్నదాన్ని, నాకు తెలియదూ?"

ఆయన లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కొచ్చాడు. చొక్కా చేతులు మడుచుకున్నాడు. సిరా నింపి, పాళీ తుడిచి, కాగితం సర్దుకుని కూర్చున్నాడు. కుర్చీ కుదిరింది, బల్ల కదల్లేదు, వెలుతురు ఎడమ పక్క నుంచే పడింది. ఇంక ఆలస్యమెందుకు? కూతురి పేరు రాయడం మొదలుపెట్టాడు.

మొదటి వంపు నిండుగా, ఎప్పటిలాగే వచ్చింది. పాళీ కాగితం మీద చప్పుడే లేకుండా జారింది. రెండో అక్షరం బాగుంది. మూడో అక్షరం దగ్గర గీత వణికింది. నాలుగోది ఇంకా వణికింది. చివరి అక్షరం తోక వచ్చేసరికి, తీగె మీద బట్ట గాలికి కొట్టుకున్నట్టు పోయింది.

ఇంకో కాగితం తీశాడు. మళ్ళీ రాశాడు. ఈసారి మొదటి వంపే వణికింది.

ఆయన పెన్ను కింద పెట్టలేదు. కాసేపు దాన్ని, దాన్ని పట్టుకున్న చేతిని, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూశాడు. ఆవిడ ఎదురుచూసింది. ఏదో ఒకటి అంటాడు, పాళీ సరిగ్గా సానబట్టలేదంటాడు, బరువెక్కువంటాడు, నీకు ఎవరు కొనమన్నారంటాడు. అనమని మనసులో బతిమాలుకుంది.

"పెన్ను బాగుంది" అన్నాడాయన. "పెన్ను చాలా బాగుందే."

ఇన్నాళ్ళలో ఆయన ఒక వస్తువుకి వంక పెట్టకపోవడం అదే మొదటిసారి. తను తెచ్చింది ఏమిటో ఆవిడకి అప్పుడు తెలిసింది. లోకంలో ఉన్న పెన్నుల్లోకెల్లా మంచి పెన్ను తెచ్చి, ఇంక దేన్నీ తప్పు పట్టడానికి లేకుండా ఆయన్ని నిలబెట్టేసింది.

"రేపు వెళ్ళి సూపరింటెండెంటుకి చెప్పేస్తాను. నా చెయ్యి..." అని ఆగిపోయాడు. కింది పెదవి చిన్నపిల్లాడి పెదవిలా అదిరింది. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన్ని అలా ఆవిడ ఎన్నడూ చూడలేదు. చూడలేకపోయింది.

"ఏదీ, నన్నొకసారి చూడనివ్వండి" అంది.

పాలవాడి చీటీకి కూడా పెన్ను ఇవ్వని మనిషి మారుమాట లేకుండా ఇచ్చేశాడు.

ఆవిడ పెన్నుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పాళీ కిందికి ఉండేలా తిప్పింది. అద్దాల అంచులు నలుసంత తేడా లేకుండా పట్టుకునే ఆ వేళ్ళు ఒక్కసారి విప్పుకున్నాయి.

రాతినేల మీద చిన్న చప్పుడు అయింది, అంతే. పెన్ను దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. ఆయన వంగి, మోకాళ్ళ మీద కూర్చుని తీశాడు. బంగారు పాళీ చిలక ముక్కులా వంగిపోయి, రెండు రేకులూ చెరో దిక్కూ చూస్తున్నాయి.

ఆయన వంగిన పాళీ వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. మళ్ళీ పాళీ వంక చూశాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడు నెమ్మదిగా. తర్వాత గొంతు పెరిగింది. "ఒక్క పెన్ను పట్టుకోవడం చేతకాదా నీకు? ఇలాంటి పాళీ మళ్ళీ వస్తుందా? ఇప్పుడిప్పుడే చేతికి వస్తోంది! ఇంకో నాలుగు కాగితాలు రాస్తే దార్లో పడేది! మట్టిలో కలిపేశావు కదే!"

ఆయన అరుస్తున్నాడు. అరుస్తున్నకొద్దీ ఆయన వెన్ను నిటారుగా అయింది, ముఖంలోకి నెత్తురు వచ్చింది, ముత్యాలాయన మళ్ళీ ఇంటికొచ్చాడు. ఆవిడ తలవంచుకుని నిలబడి ఒక్కో తిట్టూ తిన్నది. కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ తిట్లు ఆగకపోతే బాగుండుననిపించింది.

ఆ పెన్నుని ఆయన మర్నాడు జేబులో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. సూపరింటెండెంటుకి చూపించాడు, కూడా పనిచేసేవాళ్ళకి చూపించాడు. "కొత్త పెన్నండీ, ఇదిగో పాళీ. మా ఆవిడ పడేసింది. లేకపోతే ఇంకో పదేళ్ళు రాసేవాణ్ణి. పాతదేమో అరిగిపోయింది, ఏం చేస్తాం?" అన్నాడు. సూపరింటెండెంటు మంచివాడు. అయ్యయ్యో అన్నాడు, పేర్లు మెషిన్‌కి ఇచ్చేశాడు, ఆయన్ని పట్టాలు సరిచూసే పనిలో వేశాడు. ఆయనతో పనిచేసే ఆ కళ్ళజోడు ఆవిడ మళ్ళీ దుకాణానికి వచ్చినప్పుడు, "ఎంత పని చేశారండీ! అంత జాగ్రత్త గల మనిషి!" అని నొచ్చుకుంది. దుకాణం యజమాని విని, కొత్తవాళ్ళకి చెప్పే కథకి ఒక తోక తగిలించాడు: అద్దాలు పడెయ్యదు గాని, పెన్నులు పడేస్తుంది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

బాగుచేయించలేదా అని ఎవరైనా అడిగితే మాత్రం, "చూపించానండీ, కుదరదన్నారు" అనేది. చూపించిన మాట నిజమే. పాళీ మేస్త్రీ చూసి తేలిగ్గా నవ్వాడు. "ఇదేం పనమ్మా నాకు! రేపీపాటికి కొత్తదానిలా చేసిస్తాను" అన్నాడు. "వద్దండీ, ఇలాగే ఉండనివ్వండి" అంది ఆవిడ. మేస్త్రీకి తలకొట్టేసినట్టయింది. తన పనితనం మీద అపనమ్మకం అనుకుని ముఖం మాడ్చుకున్నాడు. ఆయనకి సంజాయిషీ ఇచ్చే ఓపిక ఆవిడకి లేకపోయింది.

పట్టాలు ఇచ్చేరోజు వచ్చింది. బుజ్జి గొట్టంలా చుట్టిన కాగితం పట్టుకుని ఇంటికొచ్చి, వరండాలో నిలబడి విప్పింది. తండ్రి కుర్చీలో పేపరు చదువుతున్నాడు. తల్లి వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటోంది. కాగితం మీద అంతా అచ్చే. మధ్యలో బుజ్జి పేరు కూడా అచ్చులోనే, చక్కగా, తిన్నగా, వంపూ తోకా లేకుండా, అందరి పేర్లలాగే ఉంది.

బుజ్జి దాన్ని చాలాసేపు చూసింది. దాని ముఖం చిన్నబోయింది.

"మా క్లాసులో అందరికీ చెప్పానమ్మా, నా పేరు మా నాన్న రాస్తాడని. చిన్నప్పట్నుంచీ చెప్పుకున్నాను." పట్టాని తల్లి ముందుకి చాచింది. "ఒక్క పెన్ను, అమ్మా! ఒక్క పెన్ను గట్టిగా పట్టుకోలేకపోయావా?"

"ఏం చెయ్యనే తల్లీ, జారిపోయింది."

"నీకు ఏదీ జారదుగా! నా కర్మకి అదే జారాలా? నేను చచ్చేదాకా గోడ మీద చూసుకుందును. నిన్ను ఎప్పటికీ క్షమించను, తెలుసా?"

కుర్చీలో పేపరు మడతపడింది. ఆయన నోరు తెరిచాడు. ఆవిడ గుమ్మంలోంచి ఆయన వంక చూసింది. తల కూడా అడ్డంగా ఊపలేదు, ఊరికే చూసింది. ఆయన నోరు మూసుకున్నాడు. బుజ్జి పట్టాని బల్ల మీద వదిలేసి, గదిలోకి పోయి తలుపు వేసుకుంది. లోపల అది ఏడవడం ఇద్దరికీ వినపడింది.

ఆవిడ వచ్చి ఆయన పక్కన చిన్న పీట మీద కూర్చుంది.

"ఇన్నేళ్ళలో ఒక్క అద్దం కూడా జారలేదు నీ చేతిలోంచి" అన్నాడు ఆయన, తలుపు వంకే చూస్తూ.

"పెన్ను నున్నగా ఉందండీ."

"అద్దం కంటేనా?"

ఆయన ఇన్నాళ్ళూ ఒళ్ళో, జేబులో, పేపరు వెనక దాచుకుంటూ వచ్చిన కుడిచేతిని మొదటిసారి పైకి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ దాన్ని తన రెండు చేతులతో పట్టుకుంది. గట్టిగా, జారకుండా పట్టుకుంది. అయినా అది వణుకుతూనే ఉంది.